పెనాంగ్ సాక్ష్యం

మా ఆవిడ ప్రిస్కిల్లా పెనాంగ్‌లో పీత తింటున్న ఫోటోని నేను మా అమ్మాయి రూబీ ఫోన్‌లో చూశాను. నా ఫోన్‌లోనూ చూడొచ్చు. కానీ వాట్సాప్‌లో స్టేటస్ పెట్టినవాళ్ళకి దాన్ని ఎవరు చూశారో తెలిసిపోతుంది. నేను చూశానని ఆవిడకి తెలియడం నాకు ఇష్టం లేదు.

పెద్ద పింగాణీ పళ్ళెంలో ఎర్రటి పులుసు, అందులో మునిగిన పీత. మా భీమిలి పీతలకి రెండింతలుంటుంది. ప్రిస్కిల్లా రెండు చేతులతో దాని కాలు విరుస్తోంది. పై పెదవికి పులుసు అంటుకుంది. నవ్వుతోంది. పక్కన నీలం చొక్కా వేసుకున్న, ఆవిడతో పనిచేసే ధనరాజుగారు తన పళ్ళెం వదిలేసి ఆమె వంక చూసి నవ్వుతున్నారు.

"అమ్మ ఎంత బాగున్నాదో సూడు నాన్నా," అంది రూబీ.

"పీతలు మన భీమిలిలో దొరకవా ఏటి," అన్నాను.

"దొరికితే మాత్రం, నువ్వెప్పుడైనా తీసుకెళ్ళావా?"

డిగ్రీ చదువుతున్న పిల్లకి అన్నిటికీ జవాబు చెప్పక్కర్లేదని ఫోన్ తిరిగి ఇచ్చేశాను. కాసేపాగి, టైము చూస్తానని మళ్ళీ తీసుకున్నాను.

కొత్తవలస స్టేషన్ రోడ్డులో నాది మోటారు వైండింగ్ షాపు. రైతుల బోరు మోటార్లు కాలిపోతే మాడిన తీగ లాగేసి కొత్త రాగి తీగ చుట్టి ఇస్తాను. ప్రిస్కిల్లా బీమా ఏజెంటు. పదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి, గొడుగేసుకుని ఊరూరా తిరిగింది. పాలసీ అంటే చావు కబురని భయపడేవాళ్ళ అరుగుల మీద కూర్చుని, వాళ్ళ పిల్లల పేర్లతో పాటు ఆవుల పేర్లు కూడా గుర్తుపెట్టుకుని, వాళ్ళ నమ్మకం సంపాదించింది. బాగా పనిచేసిన ఏజెంట్లని కంపెనీవాళ్ళు మలేషియాలోని పెనాంగ్‌కి తీసుకెళ్తామన్నారు. అదొక దీవి, పెద్ద రేవు పట్నం. టూరు ఏజెంట్లకి మాత్రమే. భార్యాభర్తలు కలిసి వెళ్ళేది కాదు.

ఆ సంగతి చెప్పిన రోజు నేను "వెళ్ళు" అన్నాను. మా ఇళ్ళల్లో ఎవరైనా ఊరికి బయల్దేరితే "వెళ్ళిరా" అంటారు. నా నోటికి ఆ చివరి ముక్క రాలేదు. ప్రిస్కిల్లా గమనించింది.

విశాఖపట్నం విమానాశ్రయానికి కూడా నేను వెళ్ళలేదు. సోములు మోటారు ఆ రోజే తిరిగి ఇవ్వాలని చెప్పాను. సోములు మా పక్క ఊరి వరి రైతు, నన్ను బావా అని పిలుస్తాడు. నిజానికి ఆ మోటారుకి తొందర లేదు. ఆ మాట షాపుకొచ్చి అతనే బయటపెట్టాడు.

"నారు పొయ్యడానికి ఇంకా టైమున్నాది కదా, ఈ పూటే ఎందుకు పెట్టుకున్నావు? మా ఆడది బొబ్బిలి ఎల్తేనే నాకు ముద్ద దిగదు. నీ ఆడది సముద్రం దాటతన్నాది, నువ్వు ఇక్కడ కూకుని తీగ సుట్టతన్నావు."

"తీగ చుట్టకపోతే నీళ్ళెలా వస్తాయిరా?"

"ఆ భోగాపురంలో కడతన్న కొత్త ఎయిర్‌పోర్టులో విమానాలు ఎగరడం మొదలెడితే, ఇంక మన ఆడోళ్ళని ఆపలేం బావా. పొద్దున్న ఎల్లి సాయంత్రానికి వచ్చేస్తారు." అతను నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆ తరవాత రోజూ ఫోటోలు వచ్చాయి. కొండమీదికి నిటారుగా ఎక్కే రైలు పెట్టె. సముద్రంలో కర్రలు పాతి, వాటిమీద కట్టిన ఇళ్ళు, చెక్కల వంతెన మీద ఆరేసిన బట్టలు. గోడమీద బొమ్మగా గీసిన పిల్లలు, వాళ్ళు ఎక్కినట్టుగా గోడకి ఆనించిన అసలు సైకిలు. పూలు కట్టిన రిక్షా. రేవులో పెద్ద పడవ. తెల్లటి స్తంభాల పాత చర్చి. గిన్నెలో కొబ్బరిపాలు, బెల్లంపాకం, తురిమిన మంచు, బీన్సు గింజలు, వాటి మధ్య ఆకుపచ్చని సేమియాలాంటి పోగులు. దాన్ని సెండాల్ అంటారని ఫోటో కింద రాసి ఉంది. పెద్ద పెనంమీద మంట లేస్తుంటే రొయ్యలేసి వేయిస్తున్న వెడల్పాటి నూడుల్స్. అన్నిటిలోనూ ప్రిస్కిల్లా ఉంది. అన్నిటిలోనూ, ఈ చివరో ఆ చివరో, ధనరాజుగారు ఉన్నారు.

ధనరాజుగారిది విజయనగరం. ప్రిస్కిల్లాని ఈ పనిలో పెట్టింది ఆయనే, వాళ్ళ జట్టుకి పెద్ద. అక్కడి చర్చిలో పాటలు పాడతారు. జుట్టు ఊడలేదు. ఇంతకుముందు ఆయన జుట్టు సంగతి నాకు పట్టలేదు.

కొండ రైలు చూసినప్పుడు రూబీతో, "మన కిరండూల్ లైను రైలు కంటే ఏటి గొప్ప? మనది అనంతగిరి సొరంగాల్లోంచి వెళ్తాది, దీనికి ఒకటో అరో," అన్నాను. సముద్రం మీది ఇళ్ళు చూసి, తుఫాను వస్తే తెలుస్తుందన్నాను. సెండాల్ చూసి, మంచు తింటే గొంతు పట్టేస్తుందన్నాను. ఆ పిల్ల నన్నే చూస్తూ కూర్చుంది.

ప్రిస్కిల్లా సాయంత్రాలు ఫోన్ చేసేది. ఇక్కడ మేం కుటుంబ ప్రార్థనకి కూర్చునే వేళకి అక్కడ భోజనాలయిపోతాయి. మా అమ్మ ఎలీసమ్మ ముందు మాట్లాడేది, తరవాత రూబీ, ఆఖర్న నేను.

"తిన్నావా?" అనేవాడిని.

"తిన్నాను. ఏటి తిన్నానో అడగరా?"

"తిన్నావు కదా. అది చాలు."

ఫోన్లో ఆమె వెనకాల ఎవరో నవ్వుతున్న చప్పుడు, గిన్నెల చప్పుడు వినిపించేవి. "సరే, ప్రార్థన చేసుకోండి," అని ఆమె పెట్టేసేది.

దేవుడికే రోషముందని చిన్నప్పటినుంచీ వింటున్నాను. తన ప్రజలు ఇంకోచోట మొక్కితే ఆయన ఓర్చుకోడట. ఆయనకి ఉన్నది నాకెందుకు ఉండకూడదని ఒక రోజు మోకాళ్ళమీదే అడిగాను. అడిగాక నాకే అనుమానం వచ్చింది. ఆయన ప్రజలు విగ్రహాలకి మొక్కారు. నా భార్య పీత తింది. రెండూ ఒక తూకమేనా? జవాబు రాలేదు. నేనూ ఎక్కువసేపు ఆగలేదు.

ప్రిస్కిల్లా తిరిగొచ్చినప్పుడు కాస్త నల్లబడింది. కొంచెం ఒళ్ళు కూడా చేసింది. అమ్మకి మెత్తటి శాలువా, రూబీకి చేతిసంచీ, నాకు కొబ్బరి చెట్ల అచ్చులున్న చొక్కా తెచ్చింది. చొక్కా నాకు సరిపోయింది. బాగుందని అనలేదు.

ఆ పూటే అమ్మ సాక్ష్యం మాట ఎత్తింది.

మా సంఘంలో ఒక పాత పద్ధతి ఉంది. మా తాతల కాలంలో ఇక్కడివాళ్ళు ఓడలెక్కి రంగం వెళ్ళేవారు. బర్మాలోని రంగూన్‌ని మావాళ్ళు అలాగే అనేవారు. సముద్రం దాటి క్షేమంగా తిరిగొస్తే, ఆదివారం ఆరాధనలో ఆ ఇంటివాళ్ళు కృతజ్ఞత సాక్ష్యం చెప్పాలి. అయితే వచ్చినవాళ్ళు తమ ప్రయాణం తామే చెప్పుకోకూడదు, గొప్పలవుతాయి. ఇంటి దగ్గర ఉండిపోయిన పెద్ద చెప్పాలి. అందుకని వాళ్ళని ముందే కూర్చోబెట్టి, ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, ఏం చూశారు, ఎవరు ఆదుకున్నారు, అన్నీ అడిగి తెలుసుకోవాలి. చెప్పడం అయ్యాక, వెళ్ళొచ్చినవాళ్ళు "ఆమేన్" అంటే అదంతా నిజమని సంఘం ఎదుట ఒప్పుకున్నట్టు. అప్పుడే కానుక గంపని బల్ల దగ్గర పెడతారు. ఇప్పుడు గల్ఫుకి వెళ్ళొచ్చినవాళ్ళకి కూడా ఇదే పద్ధతి.

"ఆదివారం సాక్ష్యం సెప్పాల," అంది అమ్మ. "ఒరే బెన్హరూ, కోడల్ని కూకోబెట్టి అడుగు. నువ్వు అడిగినాకే అది మాకూ సెప్తాది. ముందు నీకు సెప్పాల కదా."

"అడుగుతానమ్మా. ఆదివారానికి టైముంది."

ప్రిస్కిల్లా నా వంక చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. అడగబోతున్నాడేమోనని ఎదురుచూసే పిల్లలా ఉంది.

ఆ వారమంతా ఆమె ఎదురుచూసింది, నేను అడగలేదు. నాకు కావలసింది ఒక్కటే. "అంతా బాగుంది గానీ మీరు లేని లోటు ఉంది" అని ఆమె తనంతట తాను అనాలి. ఆ మాట అంటే అన్నీ అడుగుదామనుకున్నాను. ఆమె అనలేదు. అన్నం వడ్డిస్తూ, "అక్కడ అన్నం మీద నాలుగైదు కూరల పులుసులు కలిపి పోసేస్తారు, ఏ కూర రుచి ఏదో తెలీదు," అని మొదలుపెట్టింది. "మజ్జిగ ఉందా?" అన్నాను. మజ్జిగ పోసింది. ఆ కూరల సంగతి అక్కడే ఆగిపోయింది.

శనివారం బట్టలు మడతపెడుతూ అడిగింది.

"రేపు ఏటి సెప్తారు?"

"చూసుకుంటాలే."

"నన్ను అడక్కండానా?"

"నాకు తెలుసు."

"ఎలాగ తెలుసు?"

నేను పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఆదివారం చర్చి నిండుగా ఉంది. మధ్యాహ్నం మా తరఫున భోజనాలున్నాయని అందరికీ తెలుసు. వంటలు చర్చి వెనక పందిట్లో అవుతున్నాయి. సోములు దంపతుల్ని కూడా పిలిచాం, వాళ్ళు భోజనం వేళకి వస్తామన్నారు. పాస్టరుగారు పిలవగానే మేం నలుగురం ముందుకి వెళ్ళాం. నేను మైకు దగ్గర నిలబడ్డాను. అమ్మ, ప్రిస్కిల్లా, రూబీ వెనక నిలబడ్డారు. బియ్యం, గుమ్మడికాయ, అరటిపళ్ళు ఉన్న గంప మా కాళ్ళ దగ్గర పెట్టాం.

  విమానం దిగిన రోజునుంచి మొదలుపెట్టాను. కొండ రైలు ఎక్కితే కింద పట్నమంతా, దాని వెనక సముద్రం, సముద్రం మీద పొడవాటి వంతెన కనిపిస్తాయని చెప్పాను. నీళ్ళమీది ఇళ్ళల్లో మనుషులు మన వీధుల్లోలాగే ముగ్గురూ నలుగురూ కూర్చుని చేపలు బాగుచేసుకుంటారని చెప్పాను. గోడమీద పిల్లల బొమ్మ, సైకిలు చెప్పాను. సెండాల్‌లో ఏమేం వేస్తారో చెప్పాను. ఆడవాళ్ళ చాపలవైపు నుంచి ఎవరో, "మంచు ముందా పాలు ముందా అయ్యా?" అని అడిగారు. "బీన్సు గింజలు ముందు, పైన మంచు, ఆపైన పాకం," అన్నాను. అందరూ నవ్వారు. పీత గురించి చెప్పేసరికి ముందు వరసలో ఉన్న ముసలాయన పెదవులు తడుపుకున్నాడు. ఏ రోజు ఏ చీర కట్టుకుందో కూడా చెప్పాను. చెబుతున్నకొద్దీ నాకే అక్కడికి వెళ్ళొచ్చినట్టుంది.

అక్కడితో ఆపేస్తే బాగుండేది.

"ఎక్కడికి వెళ్ళినా, ఏమి తిన్నా, మా ఇంటిది ఒంటరిగా లేకుండా దేవుడు ధనరాజుగారిని తోడు ఉంచాడు," అన్నాను. "కొండమీదైనా, పడవమీదైనా, భోజనాల బల్ల దగ్గరైనా, ఆయన ఆమె పక్కనుంచి కదల్లేదు. అంత తీరిక చేసుకున్న ఆ సహోదరుని బట్టి కూడా దేవునికి స్తోత్రం."

స్తోత్రం అంటే సంఘమంతా స్తోత్రం అనాలి. ఇద్దరు ముగ్గురు అన్నారు. మిగిలినవాళ్ళు తలలు తిప్పి నా వెనక్కి చూశారు.

పాస్టరుగారు ప్రిస్కిల్లా వైపు తిరిగి, ఆమేన్ కోసం ఆగారు. ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. నేను వెనక్కి తిరిగాను. ప్రిస్కిల్లా నేలవైపు చూడడం లేదు, నావైపు చూడడం లేదు. ఎదురుగా ఉన్న జనాన్ని చూస్తూ నిలబడింది. పెదవులు బిగించి ఉన్నాయి.

"అమ్మా," అన్నారు పాస్టరుగారు మెల్లగా.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"అది ఎలాగ అంటాది బాబూ," అంది మా అమ్మ, మైకు లేకపోయినా అందరికీ వినపడేలా. "ఈడు అడిగితే కదా. అడక్కండా సెప్పినాడు."

పాస్టరుగారు పాట ఎత్తుకోమన్నారు. రూబీ గంప చంకనెత్తుకుని, మేం వచ్చిన దారినే వెనక్కి తీసుకుపోయింది. మా సంఘంలో కానుక గంప వెనక్కి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు.

భోజనాలు మాత్రం జరిగాయి. వండిన మాంసం కూరకి మా గొడవతో పని లేదు. సోములు విస్తరి ముందు కూర్చుని, "మీ సాక్ష్యం మోటారులాగే మద్దిలో ఆగిపోనాదట కదా బావా," అన్నాడు. ఆ వెంటనే కూర వడ్డించమని పక్కవాణ్ణి పిలిచాడు. అవతల వరసలో ప్రిస్కిల్లా సాంబారు బకెట్టు పట్టుకుని వంగి వడ్డిస్తోంది. స్త్రీల సమాజంలో పెద్దదైన దాలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని అడగడం నాకు వినిపించింది.

"ఆ దనరాజు ఎవరమ్మా? మీ సుట్టాలేటి?"

"మా జట్టు పెద్ద పిన్నీ."

"అలాగేటి," అంది దాలమ్మ. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. కానీ పక్కనున్నావిడ దాలమ్మ మోచేతిని తట్టింది.

ఇంటికొచ్చాక రూబీ, అమ్మ ఇద్దరూ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ప్రిస్కిల్లా గంపలోని అరటిపళ్ళు తీసి బల్లమీద పెట్టింది. నేను కుర్చీలో కూర్చున్నాను.

"రేపు పొద్దున్న నేను గొడుగేసుకుని బయల్దేరాల," అంది. గొంతు పెంచలేదు. "ఏ గుమ్మంలో కూర్చున్నా ముందు ఆయన గురించి అడుగుతారు. తరవాతే పాలసీ గురించి. కొందరు రెండోది అడగరు కూడా. నన్ను సూసి తలుపు తీసే ఇళ్ళు అవి. అన్నీ నా నడకతో సంపాదించుకున్నవి."

"నేను స్తోత్రమే కదా చెప్పాను."

"మీరు ఏటి సెప్పారో మీకు తెలుసు. దేవుడికి కూడా తెలుసు. ఆ మాట ఇక్కడ నాకు కూడా సెప్పకండి."

నాకు సిగ్గేసింది. అయినా నోరు ఊరుకోలేదు. "ప్రతి ఫోటోలోనూ ఆయన ఎందుకున్నాడు మరి?"

ఆమె ఎదురుగా కూర్చుంది. "ఒక్కదాన్నే ఉన్న ఫోటో పెడితే, తీసినోడు ఎవడని అడుగుతారు మీరు. అడుగుతారా లేదా సెప్పండి."

ఆలోచించాను. అడుగుతాను.

"అందుకే జట్టుగా ఉన్నవే పెట్టాను. జట్టుగా తీస్తే ఆయన ఉంటాడు, జట్టుకి పెద్ద కదా. ఆ పక్కన రాజాం నుంచొచ్చిన పద్మకుమారి ఉన్నాది, ఈ పక్కన ఆమదాలవలస ఆయన ఉన్నాడు. వాళ్ళెవరూ మీకు కనపళ్ళేదు."

నిజమే. రాజాం ఆవిడ మొహం ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు.

ఆమె ఫోన్ తీసి, స్టేటస్‌లో పెట్టని ఫోటోలు చూపించింది. చెక్కల వంతెన మీద చెప్పులు పక్కన పెట్టి, కాళ్ళు వేలాడేసి ఒక్కతే కూర్చుంది. పాత చర్చి మెట్లమీద ఒక్కతే. చేతిలో సెండాల్ గిన్నెతో ఒక్కతే, కళ్ళు మూసుకుని.

"ఇవి ఎవరు తీశారు?" అన్నాను.

అని నాలిక కరుచుకున్నాను. ఆమె నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు గానీ, కోపం కాస్త పక్కకి జరిగింది.

"ఇది పద్మకుమారి. ఇది దారినపోతున్న బడిపిల్ల. ఇదేమో ఆ సెండాల్ అమ్మే ముసలమ్మ. కళ్ళు మూసుకోమన్నాది ఆవిడే. మూసుకుని తింటే రుచి తెలుస్తాదని సైగ చేసినాది."

బయట గూడ్సు బండి పోతోంది. అది పోయేదాకా ఇద్దరం ఆగాం.

"సరే," అన్నాను. "ఇప్పుడు అడుగుతున్నాను. చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడు."

ఆమె లేచి మంచినీళ్ళు తాగి వచ్చింది. తరవాత మొదలుపెట్టింది. నేను చర్చిలో చెప్పినవాటిలో సగం తప్పులు. కొండ రైల్లో ఆమెకి కళ్ళు తిరిగాయి, సగం దారి కళ్ళు మూసుకునే ఉంది. గోడమీది బొమ్మ దగ్గర నిలబడడానికి ఎండలో పెద్ద వరస. సముద్రం మీది ఇళ్ళల్లో ఒకామె వీళ్ళని చూసి కిటికీ మూసేసింది. "మన వాకిట్లోకి ఎవరో వచ్చి ఫోటోలు తీస్తే మనం ఊరుకుంటామా," అంది ప్రిస్కిల్లా. పీత తియ్యగా ఉందట, నాలిక్కి పట్టలేదట. విరవడం చేతకాక ఇబ్బంది పడుతుంటే బల్లంతా నవ్వారట. నూడుల్స్ మాత్రం చాలా బాగున్నాయంది. వేయించే మనిషి పెనం ఎగరేస్తుంటే అక్కడే నిలబడి చూసిందట, తన వంతు దాటిపోయినా కదలబుద్ధి కాలేదట. ఆ వేయించే మనిషి వయసెంతని అడగబోయి ఊరుకున్నాను.

చివరికి ఉండబట్టలేక అడిగేశాను. "నేను లేని లోటు ఎప్పుడైనా అనిపించిందా?"

ప్రిస్కిల్లా నా మొహంలోకి చూసింది. అబద్ధం చెబుదామా అని చూసినట్టుంది. తరవాత ఆ ఉద్దేశం మానుకుంది.

"పడవ ఎక్కాం ఒక రోజు. ఆ దీవి నుంచి అవతలి గట్టుకి జనాన్ని దాటించే పెద్ద పడవ. జట్టంతా కింద కూర్చుంది. నేను పైకి ఎల్లాను. గాలి. ఓడలు లంగరేసి ఉన్నాయి. ఎవరూ నన్ను ఏదీ అడగలేదు. అన్నం అయిందా అని గానీ, కిస్తీ ఎప్పుడని గానీ. అవతలి గట్టు వచ్చేదాకా నాకు మీరు గుర్తులేరు. రూబీ లేదు. అత్త మందులు గుర్తులేవు. పడవ ఆగిన కుదుపుకి గుర్తొచ్చారు. ఇంతసేపు ఎలా మర్చిపోయానా అని భయమేసింది. కానీ అంత సుఖంగా నేను ఎప్పుడూ కూర్చోలేదు."

 ధనరాజుగారి మీద పడిన కుళ్ళు దీని ముందు లెక్కలోకి రాదు. ఆయన్ని నేను మైకులో పొడవగలిగాను. ఆ గాలిని ఏం చేయను?

"దేవుడైనా గుర్తున్నాడా?" అన్నాను.

"ఆయన పక్కనే కూర్చున్నట్టున్నాది," అంది. "మీరే లేరు."

అప్పుడు నాకు దేవుడి మీద కూడా కొంచెం అసూయ కలిగింది. అది పాపమో కాదో పాస్టరుగారిని అడిగే ధైర్యం ఇంతవరకూ రాలేదు.

"వచ్చే ఆదివారం మళ్ళీ నిలబడతారా?" అంది ప్రిస్కిల్లా.

"నిలబడతాను. నీ పేరు నేనే పాడుచేశాను కదా. ధనరాజుగారి గురించి అన్నది తప్పని మైకులోనే చెప్తాను."

"అదొక్కటే సెప్తే, ఇంట్లో కొట్లాడుకుని సర్దుకున్నారు అనుకుంటారు. నేను సెప్పినదంతా సెప్పాల."

"పడవ కూడానా?"

ఆమె ఒక అరటిపండు తుంచి తొక్క తీసింది. సగం విరిచి నాకిచ్చింది.

"పడవ కూడా."

భార్య తనని మర్చిపోయి సుఖంగా ఉందని సంఘమంతటి ముందు చెప్పాలి. సోములు వింటే వచ్చే పంట దాకా నవ్వుతాడు. మగవాళ్ళు నా వంక జాలిగా చూస్తారు. అయినా ఆ మాట నేను చెబితేనే దాలమ్మలాంటివాళ్ళకి తెలుస్తుంది, ఆ పడవ పైన ఆమె పక్కన ధనరాజు లేడని, ఎవరూ లేరని.

"సరే," అన్నాను.

సోమవారం పొద్దున్న ఆమె గొడుగేసుకుని వెళ్ళింది. మధ్యాహ్నం కారేజీ పట్టుకుని షాపుకొచ్చింది. రెండు ఇళ్ళల్లో తిన్నగా మాట్లాడారని, ఒక ఇంట్లో ఇంకో రోజు రమ్మన్నారని చెప్పింది. నేను తీగ చుట్టడం ఆపి చేతులు తుడుచుకున్నాను.

"నిన్న ఎక్కడ ఆపావు? వానొచ్చిన రోజు దగ్గర," అన్నాను.

"అవును. వాన తగ్గేదాకా ఒక కొట్టు చూరు కింద నిలబడ్డాం. ఆ కొట్లో జాజికాయ పళ్ళ రసం అమ్ముతారు. మనం జాజికాయ నూరి పసిపిల్లలకి నాకిస్తాం కదా, వాళ్ళు దాని పైనున్న పండు పిండి, నీళ్ళూ పంచదారా కలిపి తాగుతారు."

"పుల్లగా ఉంటాదా?"

"ముందు పులుపు. తరవాత కొంచెం వగరు. మింగినాక ముక్కులోంచి వాసన వస్తాది."

"ఎంతసేపు నిలబడ్డారు?"

"వాన బాగా కొట్టినాది. గ్లాసు అయిపోయేదాకా, ఇంకో గ్లాసు కూడా."

"నిలబడే తాగావా, కూర్చోడానికి ఏమైనా ఉందా?"

"బెంచీ ఉన్నాది. పొట్టి బెంచీ. ఇద్దరికి సరిపోతాది."

ఆ బెంచీమీద రెండోవాళ్ళు ఎవరని నేను అడగలేదు. అడగాలని మాత్రం నాలిక చివరిదాకా వచ్చింది. కారేజీ మూత తీసి అన్నం కలుపుకుంటూ, "ఆ గ్లాసు గాజుదా, స్టీలుదా?" అన్నాను.